కెన్నీ డాల్‌గ్లిష్, మా ఎడమ వింగు కుర్రాడు

పోయిన ఆదివారం ఫుట్‌బాల్ ప్రాక్టీసు అయ్యాక, నేను స్నానం చేసి కూర్చునేసరికి మా పాత కుర్రాళ్ళు ముగ్గురు ఇంటికి వచ్చారు. పాత కుర్రాళ్ళంటే ఇప్పుడు వాళ్ళకీ నలభై దగ్గర పడ్డాయి. ఒకడు పోర్టులో క్రేను నడుపుతాడు, ఒకడికి గాజువాకలో ఎలక్ట్రికల్ షాపుంది, మూడోవాడు స్కూల్లో పీఈటీ. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. మా క్లబ్బుని సొసైటీగా రిజిస్టరు చేయిస్తున్నారట. "మాస్టారూ, కమిటీలో మీరు డైరెక్టరుగా ఉండాలి. మీరేం చెయ్యక్కర్లేదు. ఇక్కడ సంతకం పెడితే చాలు" అన్నాడు పీఈటీ.

గౌరవంతోనే అన్నాడు, నాకు తెలుసు. కానీ "మీరేం చెయ్యక్కర్లేదు" అన్న మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. రెండు రోజులు టైమివ్వండ్రా అన్నాను. ఆ రెండు రోజులూ వారమైంది. కాగితం ఇంకా టీవీ స్టాండు మీదే ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద విజిల్ పెట్టాను.

ఈ వారమంతా నాకు గుర్తొస్తున్నది కెన్నీ డాల్‌గ్లిష్. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆటగాడిగా వచ్చి, మేనేజరై, విరిగిపోయి వెళ్ళి, మళ్ళీ వచ్చి, చివరికి అదే క్లబ్బులో డైరెక్టరు కుర్చీలో కూర్చున్న మనిషి. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. రాస్తే ఇంకో విషయం కూడా రాయాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

నాది విశాఖపట్నంలోని కంచరపాలెం. వాల్తేరు డీజిల్ లోకోషెడ్డులో ఫిట్టరుగా ముప్ఫై అయిదేళ్ళు చేసి 2024లో రిటైరయ్యాను. కుర్రతనం నుంచి మోకాలు పోయేదాకా లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క డిఫెండరుగా ఆడాను. రైల్వే గ్రౌండులో, పోర్టు స్టేడియంలో, ఏయూ గ్రౌండులో, నేవీ జట్ల మీద. నేవీ వాళ్ళతో మ్యాచంటే ముందురోజు రాత్రి నుంచే టెన్షన్. తొంభై నిమిషాలూ వాళ్ళు పరిగెడుతూనే ఉంటారు, మనకి అరవైకే పిక్కలు పట్టేస్తాయి. మోకాలు పోయాక పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. మాది ఎర్రమట్టి గ్రౌండు. పొద్దున్న ఆరుకి మొదలుపెడితే ఎనిమిదికల్లా పిల్లలు నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రగా తయారవుతారు. సబ్బు పెట్టి తోమినా చెవుల వెనకాల మట్టి పోదు.

1986లో మా పెదనాన్నగారబ్బాయి షిప్పు దిగి ఇంటికొస్తూ నాకొక ఎర్ర జెర్సీ తెచ్చాడు. "లివర్‌పూల్‌దిరా ఇది. అక్కడొక మొనగాడున్నాడు. టీముకి మేనేజరూ వాడే, లీగు గెలిపించిన గోలు కొట్టిందీ వాడే" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మేనేజరంటే గీత బయట నిలబడి అరిచేవాడు కదా. జెర్సీ వెనక నంబరు లేదు. వాడిది ఏడో నంబరని అన్నయ్య చెబితే, మా అమ్మ పాత తలగడ గలీబు కత్తిరించి తెల్లటి 7 కుట్టింది. ఏడు పైగీత ఒక పక్కకి కొంచెం వాలింది. లెఫ్ట్ బ్యాక్‌కి 3 ఉండాలని ఎంతమంది చెప్పినా ఆ వాలిన ఏడుతోనే నాలుగేళ్ళు ఆడాను.

డాల్‌గ్లిష్ పుట్టింది 1951 మార్చి 4న, స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. ఆ ఊళ్ళో రేంజర్స్, సెల్టిక్ అని రెండు పెద్ద క్లబ్బులు. ఒకటి ప్రొటెస్టెంట్లది, ఒకటి కాథలిక్కులది అన్నట్టు ఊరు రెండుగా చీలి ఉండేది. ఈ కుర్రాడి ఇల్లు రేంజర్స్ స్టేడియం దగ్గర్లో, ప్రాణమంతా రేంజర్స్ మీద. 1967లో సెల్టిక్ తరఫు మనిషి మాట్లాడ్డానికి ఇంటికొస్తే, తన గది గోడకి అంటించిన రేంజర్స్ బొమ్మలు గబగబా పీకేశాడట. ఆట మీద తిండి దొరికేదాకా వడ్రంగం పని కూడా నేర్చుకున్నాడు. అంతకు ముందే, 15 ఏళ్ళప్పుడు, లివర్‌పూల్‌కి ట్రయల్‌కి వెళ్తే అక్కడ కుదరలేదు. పదకొండేళ్ళు తిరిగాక, 1977లో, అదే లివర్‌పూల్ ఆయన కోసం సెల్టిక్‌కి 4,40,000 పౌండ్లు కట్టింది. బ్రిటన్ క్లబ్బుల మధ్య అప్పటికి అదే రికార్డు. కెవిన్ కీగన్ వదిలి వెళ్ళిన 7 నంబరు ఇచ్చారు. తొలి సీజను చివర్లో, 1978 యూరోపియన్ కప్ ఫైనల్లో, బెల్జియం జట్టు క్లబ్ బ్రూజ్ మీద పడిన ఒకే ఒక్క గోలు ఆయనదే.

ఆ గోలు నేను ఫోన్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గ్రేమ్ సూనెస్ పాస్ ఇస్తాడు. బంతి అందిన వెంటనే కొట్టడు. కీపరు ముందుకొచ్చి కింద పడే దాకా ఆగుతాడు. పడ్డాక అతని మీంచి చిన్నగా ఎత్తి వేస్తాడు. మా పిల్లలకి చూపించినప్పుడు గోలు చూడకండిరా, ఆగాడు చూశారా, అది చూడండి అంటాను. ఇంకొకటి కూడా చూపిస్తాను. గోలుకి వీపు పెట్టి, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, నడుము వెనక్కి తోసి డిఫెండర్ని అక్కడే నిలబెట్టేస్తాడు. డాల్‌గ్లిష్ పెద్ద వేగం ఉన్నవాడు కాదు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడూ కాదు. ఎదుటివాడు ఎటు కదులుతాడో వీపుతో తెలుసుకునేవాడు. పన్నెండేళ్ళ పిల్లలకి ఇది చెబితే అర్థం కాదు. నేనే వెనక నిలబడి, వాళ్ళ వీపుకి నా ఛాతీ ఆనించి, "ఇప్పుడు ఎటున్నాను చెప్పు" అని అడుగుతాను. మూడు నాలుగు ఆదివారాలకి తెలుస్తుంది.

మేనేజరు అయిన కథ వేరు. 1985 మే 29న బ్రసెల్స్‌లో హైసెల్ స్టేడియం. లివర్‌పూల్, ఇటలీ జట్టు యువెంటస్ మధ్య యూరోపియన్ కప్ ఫైనల్ మొదలవకముందే లివర్‌పూల్ అభిమానులు అవతలి వాళ్ళ మీదికి దూసుకెళ్ళారు. గోడ కూలింది. 39 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. ఇంగ్లండ్ క్లబ్బులన్నిటినీ యూరప్ పోటీల నుంచి వెలివేశారు. ఆ మర్నాడే డాల్‌గ్లిష్‌ని మేనేజరుగా ప్రకటించారు. వయసు 34. ఆటగాడిగా కూడా కొనసాగుతూ జట్టు నడపాలి. మొదటి ఏడాదే లీగు, ఓడితే ఇంటికే అన్న పోటీ ఎఫ్‌ఏ కప్, రెండూ గెలిచాడు. 1986 మే 3న చెల్సీ గ్రౌండులో, ఛాతీ మీద దింపి బంతి నేల తాకేలోగా కొట్టిన వాలీతో లీగు ఖాయమైంది. మా అన్నయ్య చెప్పింది ఈ గోలే. వారం తరవాత అదే ఊరి ఇంకో క్లబ్బు ఎవర్టన్ మీద 3-1తో ఎఫ్‌ఏ కప్పు.

కప్పుల లెక్క ఇంకా ఉంది. 1988 లీగు, 1990 లీగు, 1989 కప్పు. వాటిని వదిలేస్తాను.

1989 ఏప్రిల్ 15, శనివారం. షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద. లివర్‌పూల్ వాళ్ళకి కేటాయించిన వైపు బయట జనం కిక్కిరిసిపోయారు. పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఎదురుగా కనిపించిన సొరంగం దారిలోంచి గోలు వెనకున్న బోనుల్లాంటి గదుల్లోకి వెళ్ళారు. అవి అప్పటికే నిండిపోయి ఉన్నాయి. ముందు ఇనప కంచె, వెనక నుంచి తోపు. సింహాచలం చందనోత్సవం క్యూలో ఎండకి నిలబడి, ముందు కదలక వెనక ఆగక ఛాతీ బిగుసుకుపోయిన అనుభవం మనలో చాలామందికి ఉంది. అది పదింతలు అనుకోండి. 3 గంటల 6 నిమిషాలకి ఆట ఆపేశారు. చనిపోయినవాళ్ళు చివరికి 97 మంది. ఆఖరి మనిషి 32 ఏళ్ళు దెబ్బలతో బతికి 2021లో పోయాడు. డాల్‌గ్లిష్ 12 ఏళ్ళ కొడుకు పాల్ కూడా ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు. వాడు కళ్ళబడేదాకా తండ్రి ప్రాణం ఎలా ఉండి ఉంటుందో.

ఆ మర్నాటి నుంచి ఆయన చేసింది నాకు తెలిసి ఏ కోచింగ్ కోర్సులోనూ ఉండదు. లివర్‌పూల్ సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్ గేట్లు తెరిచారు. జనం పూలూ మఫ్లర్లూ తెచ్చి గోలు పోస్టు నుంచి పేరుస్తూ వస్తే సగం గ్రౌండు నిండింది. ఆయన భార్య మరీనా, ఆటగాళ్ళ భార్యలు స్టేడియం లోపల హాల్లో కూర్చుని, వచ్చిన కుటుంబాలకి టీలిచ్చి, పక్కన కూర్చుని మాట్లాడారు. రెండు రోజులకి షెఫీల్డ్ ఆసుపత్రికి ఆటగాళ్ళని తీసుకుని వెళ్ళాడు. కోమాలో ఉన్న ఒక కుర్రాడి మంచం పక్కన నిలబడి తన పేరు చెప్పి, మీ అమ్మ ఇక్కడే ఉందని చెబితే, ఆ కుర్రాడు కళ్ళు తెరిచాడు. తరవాత అంత్యక్రియలు. ఒకదాని తరవాత ఒకటి. ఒకరోజు నాలుగింటికి వెళ్ళాడు.

లండన్ టాబ్లాయిడ్ ఒకటి అభిమానులే తాగి గొడవ చేశారని, శవాల జేబులు కొట్టారని పెద్ద అక్షరాలతో "నిజం" అని హెడ్డింగు పెట్టి అబద్ధాలు రాసింది. ఊరు భగ్గుమంది. ఆ ఎడిటరు డాల్‌గ్లిష్‌కి ఫోన్ చేసి, దీన్ని ఎలా సరిదిద్దుకోవాలి అని అడిగాడు. అదే సైజు అక్షరాలతో "మేం అబద్ధం చెప్పాం" అని వెయ్యి అన్నాడు ఈయన. ఆ ఎడిటరు వెయ్యలేదు. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ, చనిపోయినవాళ్ళని అన్యాయంగా చంపేశారని, అభిమానుల తప్పేం లేదని తేల్చేదాకా ఆ కుటుంబాలు 27 ఏళ్ళు పోరాడాయి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి.

2004 మే నెల. ఆదివారం. మా జట్టులో ఎడమ వింగు ఆడే 13 ఏళ్ళ కుర్రాడు. పేరు రాయను, వాళ్ళమ్మకి ఇష్టం లేదు. మా దగ్గర అంత చక్కటి ఎడమకాలు ఉన్న పిల్లాడు ముందూ లేడు, తరవాతా లేడు. కార్నరు కొడితే బంతి లోపలికి వంపు తిరిగేది. ఒకటే చిక్కు, పాస్ ఇవ్వడు. ఆ రోజు ఇద్దరు ఖాళీగా ఉన్నా ఇవ్వకుండా తనే కొట్టాడు. నాకు కోపం వచ్చింది. విజిల్ వేసి, "బయటికి రా. ఈ పూటకి నువ్వు ఆడక్కర్లేదు" అన్నాను. గీత పక్కన నీళ్ళ సీసాల దగ్గర కూర్చున్నాడు.

ప్రాక్టీసు అయ్యాక అయిదుగురు పిల్లలు మట్టి కడుక్కోడానికి బీచ్‌కి వెళ్ళారు. గ్రౌండులో కుళాయి లేదు. ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళే. మన బీచ్ సంగతి విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మోకాలి లోతులో నిలబడ్డవాణ్ణి కూడా కాళ్ళకింద ఇసక తవ్వుకుపోయి లోపలికి లాగేస్తుంది. నలుగురు వచ్చారు. వీడు రాలేదు. మర్నాడు తెల్లవారుజామున జాలర్లు చూశారు.

పెద్దాసుపత్రి మార్చురీ బయట చెట్టు కింద నేను నిలబడే ఉన్నాను. వాళ్ళమ్మ నన్ను చూసి వచ్చింది. ఏడవలేదు. "మాస్టారూ, నిన్న ఆడు ఎలా ఆడీడు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వెళ్ళిపోయాను. శ్మశానానికి వెళ్ళలేదు. పెద్దకర్మకి వెళ్ళలేదు. కంచరపాలెం మెట్ట దగ్గర ఆవిడ టిఫిను బండి ఉండేది. ఆ దారిన పోవడం మానేసి షెడ్డుకి చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి. రెండు నెలలు గ్రౌండుకీ పోలేదు. తరవాత పిల్లలు ఇంటికొచ్చి పిలిస్తే వెళ్ళాను, కానీ ఎడమ వింగు వైపు చూసేవాణ్ణి కాదు.

పదకొండు నెలలు అలా గడిచాయి. 2005 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని పాత ఇంగ్లీషు క్రీడా పత్రికలు తిరగేస్తున్నాను. హిల్స్‌బరో మీద పాత వ్యాసం ఒకటి కనిపించింది. అప్పటిదాకా నాకు డాల్‌గ్లిష్ అంటే గోల్సే, ఆ వాలిన ఏడే. ఒకరోజు నాలుగు అంత్యక్రియలకి వెళ్ళాడన్న సంగతి అందులోనే మొదటిసారి చదివాను. రెండోసారి చదివాను. ఆ చావులకి ఆయన కారణం కాదు. గేటు తెరిచింది ఆయన కాదు. అయినా ప్రతి ఇంటికీ మొహం చూపించాడు. నేను ఒక్క ఇంటికి చూపించలేకపోయాను. పత్రిక ఎక్కడిదక్కడ పెట్టేసి బయటికొచ్చి, సైకిలు నడిపించుకుంటూనే, ఎక్కకుండా, కంచరపాలెం దాకా వచ్చాను.

బండి దగ్గర అప్పుడే కొట్టు కట్టేస్తోంది ఆవిడ. నన్ను చూసి స్టూలు వేసింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు వాణ్ణి నేను ఆడనివ్వలేదు. పాస్ ఇవ్వలేదని బయట కూర్చోబెట్టాను."

ఆవిడ గరిటె కడుగుతూ కాసేపు ఊరుకుంది. "బయట కూకున్నప్పుడు ఏడిసాడా?"

"లేదమ్మా. అవతలి టీము పిల్లలకి కూడా నీళ్ళ సీసాలు అందించాడు."

"అలాగే సేత్తాడు" అంది. తరవాత గరిటె పక్కన పెట్టి, నా మొహంలోకి చూడకుండా, చాలా నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు పొద్దున్నే నన్నడిగే ఎల్లాడు మాస్టారూ. ఆట అయ్యాక సముద్రానికెల్లి వస్తానమ్మా అన్నాడు. ఇంటికాడ నీళ్ళు రాటంలేదు, అక్కడే తానం సేసీసి రా అన్నాను. ఇది ఎవలికీ సెప్పలేదు. ఆళ్ళ నాన్నకీ సెప్పలేదు."

ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి ఆవిడ అన్న మాట మాత్రం ఈనాటికీ చెవిలో ఉంది. కోపంతో కాదు, మామూలుగా, పప్పు ఎంత నానబెట్టాలో చెప్పినట్టు అంది. "అక్కడొక కుళాయి ఉంటే పిల్లలు సముద్రానికి ఎల్లకపోదురు కదా."

మర్నాడే రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కొన్నాను. శనివారం రాత్రి మనిషి చేత నీళ్ళు పోయించి గ్రౌండు మూల పెట్టడం, ఆదివారం ప్రతి పిల్లాడూ అక్కడే కాళ్ళూ చేతులూ కడుక్కుని నాకు కనిపించి ఇంటికి వెళ్ళడం. ఇరవై ఏళ్ళు దాటింది, అలాగే నడుస్తోంది.

డాల్‌గ్లిష్ కథకి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అంత్యక్రియల దగ్గరే ఆగిపోతే ఆయన్ని దేవుణ్ణి చేసినట్టవుతుంది. ఆయన మనిషి. హిల్స్‌బరో తరవాత కూడా జట్టుని నడిపాడు, 1990లో లీగు కూడా గెలిపించాడు. లోపల మాత్రం కుంగిపోతూ వచ్చాడు. ఒంటిమీద దద్దుర్లు లేచేవి, ఇంజెక్షన్లు వేయించుకునేవాడు. ఇంట్లో పిల్లల మీద అరిచేవాడు. 1991 ఫిబ్రవరి 20న ఎవర్టన్ మీద కప్పు మ్యాచ్. లివర్‌పూల్ నాలుగుసార్లు ముందంజ వేసింది, నాలుగుసార్లూ ఎవర్టన్ సమం చేసింది, 4-4. డిఫెన్సులో ఏ మార్పు చెయ్యాలో తనకి తెలుసునని, తెలిసీ చెయ్యలేకపోయానని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. రెండు రోజులకి రాజీనామా. వయసు 39. జట్టేమో లీగులో మొదటి స్థానంలో ఉంది. పేపర్లు రకరకాల కారణాలు వెతికాయి. నాకు ఏ కారణమూ వెతకాలనిపించదు. రెండు నెలలు ఒక్క పిల్లాడి కోసం గ్రౌండు మొహం చూడలేకపోయినవాణ్ణి. ఆయన దాదాపు రెండేళ్ళు నిలబడ్డాడు.

దాదాపు ఎనిమిది నెలల తరవాత రెండో డివిజన్లో ఉన్న బ్లాక్‌బర్న్ రోవర్స్‌కి మేనేజరుగా వెళ్ళాడు. స్టీలు వ్యాపారంలో సంపాదించిన జాక్ వాకర్ తన ఊరి క్లబ్బు మీద డబ్బు కుమ్మరిస్తున్న రోజులు. 1992లో పై డివిజనుకి తెచ్చాడు, అలాన్ షియరర్‌ని కొన్నాడు, 1995 మే 14న ఆఖరి మ్యాచ్ వచ్చింది. విధి చూడండి, అది ఆన్‌ఫీల్డ్‌లో, లివర్‌పూల్ మీదే. షియరర్ గోలు కొట్టాడు, జాన్ బార్న్స్ సమం చేశాడు, ఆట ముగుస్తుండగా జేమీ రెడ్‌న్యాప్ ఫ్రీకిక్‌తో లివర్‌పూల్ 2-1. బ్లాక్‌బర్న్ ఓడిపోయింది. అదే క్షణంలో లండన్ నుంచి కబురు, టైటిలుకి పోటీలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్‌హామ్ మీద గెలవలేకపోయిందని. ఒక్క పాయింటు తేడాతో, 89 మీద 88, బ్లాక్‌బర్న్ ఛాంపియన్. 1914 తరవాత మళ్ళీ అప్పుడే. ఓడిన మేనేజరు చేతికి కప్పు వస్తుంటే ఓడించిన ఊరి జనం నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళ ఇళ్ళల్లో చావు జరిగినప్పుడు వచ్చిన మనిషి కదా.

అప్పుడే మొదటిసారి కుర్చీ ఎక్కాడు. ఆ వేసవిలోనే బ్లాక్‌బర్న్‌లో డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ అయ్యాడు. జట్టు పని వేరేవాళ్ళది, ఈయనది పేరు. ఏడాది దాటాక వదిలేశాడు. అక్కడినుంచి న్యూకాజిల్, సెల్టిక్. ఆ రోజుల మీద నాకు పెద్దగా చెప్పాలని లేదు, ఆయన మనసు వాటిలో ఉన్నట్టు కూడా నాకు అనిపించదు.

2011 జనవరిలో లివర్‌పూల్ మళ్ళీ పిలిచింది. 59 ఏళ్ళ వయసులో వచ్చి 2012లో లీగ్ కప్ గెలిపించాడు. కానీ ఆ కాలంలోనే నాకు నచ్చని పని ఒకటి జరిగింది. లూయిస్ సువారెజ్ మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాని జాతి పేరుతో అవమానించాడని తేల్చి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేస్తే, లివర్‌పూల్ ఆటగాళ్ళు సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని గ్రౌండులోకి వచ్చారు. డాల్‌గ్లిష్ వాళ్ళ పక్షానే నిలబడ్డాడు. మనవాడు అని వెనకేసుకొచ్చే గుణం హిల్స్‌బరోలో ఒక ఊరిని కాపాడింది, ఇక్కడ అవతలి మనిషికి తగిలిన దెబ్బని చూడనివ్వలేదు. నేను ఆయన్ని ఎంత అభిమానించినా ఇది తప్పే. ఆ సీజను చివర 8వ స్థానం, ఉద్యోగం పోయింది.

అలా తీసేసిన క్లబ్బే 2013 అక్టోబరులో డైరెక్టరుగా రమ్మంది. వెళ్ళాడు. ఆయన ఇప్పుడు జట్టు ఎంపిక చెయ్యడు, ఎవరిని కొనాలో చెప్పే మేనేజరూ కాదు. బోర్డులో కూర్చుంటాడు, మ్యాచ్‌లకి వస్తాడు. ఏప్రిల్ 15 సంస్మరణకి ఆ కుటుంబాల మధ్య ఉండేవాడు. 2017లో స్టేడియంలో ఒక స్టాండుకి ఆయన పేరు పెట్టారు, 2018లో సర్ బిరుదు ఇచ్చారు. నాకైతే ఆయన డైరెక్టరు పని 1989లోనే మొదలుపెట్టాడనిపిస్తుంది. పదవి రావడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది, అంతే.

మనకీ అలాంటి మనిషి ఉన్నాడు. హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. జట్టుకి కోచ్, అసోసియేషన్‌కి సెక్రటరీ కూడా. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే పనీ, గ్రౌండులో నిలబడే పనీ రెండూ ఒకే మనిషి చేశాడు. ఒంట్లో కేన్సరు పెట్టుకుని 1962లో జకార్తా వెళ్ళి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు. 1963 జూన్ 11న పోయాడు. మేం ఆడే రోజుల్లో పెద్దవాళ్ళు ఆయన పేరు చెబితే లేచి నిలబడినట్టు చెప్పేవారు.

నిన్న రాత్రి పీఈటీకి ఫోన్ చేశాను. "ఏరా, డైరెక్టరంటే ఏం చెయ్యక్కర్లేదన్నావు. అర్జీలు పెట్టొచ్చా?" అని అడిగాను.

"మీరు పెడితే ఎవరు కాదంటారు మాస్టారూ. క్లబ్బు లెటర్‌హెడ్ మీద పెట్టొచ్చు."

"ఇన్నాళ్ళూ నా పేరు మీద మూడుసార్లు పెట్టాను. గ్రౌండు ఎవరిది, నువ్వెవరివి అని వెనక్కి పంపారు. ఇప్పుడు సొసైటీ పేరు మీద పెడదాం."

"ఏటి మాస్టారూ, దేనికి?"

"కుళాయికి" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ అయిదుగురిలో ఒడ్డుకి వచ్చిన నలుగురిలో వాడొకడు.

ఈ పొద్దున్న కాగితం మీద సంతకం పెట్టాను. దాని వెనకే పిన్ను కొట్టి ఇంకో కాగితం పెట్టాను. గ్రౌండు ఈశాన్యం మూల, పిల్లలు బట్టలు పెట్టుకునే గట్టు పక్కన, మంచినీటి కనెక్షను, నాలుగు కుళాయిలు, కింద సిమెంటు గచ్చు. వాటి ఎత్తు ఎంతుండాలో నేనే టేపుతో కొలిచి రాశాను, పదేళ్ళ పిల్లాడికి అందేట్టు. వచ్చే ఆదివారం దాకా డ్రమ్ములు నింపాలి. మనిషికి చెప్పాను.